తలుపు పిడికి చెప్పిన కబురు

శుభవార్త వచ్చేసరికి మా ఆయన సోయిచి వేడన్నం మీద పచ్చిగుడ్డు కొట్టుకుంటున్నాడు. రెండో చేత్తో ఫోన్ చూసి, "వీధి సంఘం వాళ్ళు. ఇకనుంచి ఇంటింటికీ కాగితాల అట్ట తిప్పక్కర్లేదట. కబుర్లన్నీ ఫోన్‌కే వస్తాయట" అన్నాడు.

అన్నం చల్లారకముందే తొమ్మిదిళ్ళ వాళ్ళు సరేనని బొటనవేలి బొమ్మ పెట్టేశారు. మా ఆయన వేలు కూడా లేవబోయింది. పట్టుకుని ఆపాను. పెళ్ళయి ఐదు నెలలే కదా, చెయ్యి పట్టుకుంటే చాలు, ఎందుకని అడగడు.

ఆ అట్టకి చెత్త బండి వచ్చే రోజులు, కాలువ శుభ్రం చేసే ఆదివారాలు రాసిన కాగితాలు గుచ్చి ఉంటాయి. చదివి, సంతకానికి బదులు పేరు ముద్ర వేసి, పక్కింటికి ఇవ్వాలి. మా పక్కిల్లు కుమె మామ్మది. ఎనభై ఒక్కేళ్ళు, ఒక్కతే ఉంటుంది, ఫోన్ లేదు. కాపురానికొచ్చిన కొత్తలో సిగ్గుపడి, అట్టని ఆవిడ తలుపు పిడికి తగిలించి వచ్చేశాను. ఐదు నిమిషాల్లో అట్టతో సహా మా గుమ్మంలో నిలబడింది.

"పిల్లా, మా తలుపు పిడి నీకేమన్నా చుట్టమా? దానితో చెప్పిపోయావు?"

ముల్లంగి ఎలా ఎంచాలో, ఆరేళ్ళప్పుడు సోయిచి కాలువలో పడి చెప్పు కోసం ఎంత ఏడ్చాడో, అన్నీ ఆవిడ గుమ్మంలోనే తెలిశాయి. ఈ ఊళ్ళో నాకున్న స్నేహితురాలు ఆవిడే. మా వీధిలో పని లేకుండా ఎవరూ ఎవరి తలుపూ కొట్టరు. అట్ట పోతే ఆవిడ తలుపూ పోయినట్టే.

తిన్నగా సంఘం పెద్ద హిరోసే గారింటికి వెళ్ళాను.

"ఫోన్లో అందరినీ అడిగాం కదమ్మా. ఒక్కరూ కాదన్లేదు" అన్నాడాయన.

"అందుకే ఎదురుగా వచ్చి కాదంటున్నానండీ."

"కుమె గారి కాగితం పోస్టు డబ్బాలో వేయిస్తాంలే."

"మోకాలి నొప్పి ఎలా ఉందని డబ్బా అడుగుతుందా?"

లోపలినుంచి ఆయన భార్య అందుకుంది. "కుమె గారు అట్టతోపాటు తెచ్చే రేగుపళ్ళ ఊరగాయ కూడా ఫోన్లోనే వస్తుందేమో, అడుగమ్మా."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మూల పడేసిన పాత అట్ట తెచ్చి చేతిలో పెట్టాడు. "పారేసేదే, తీసుకుపో. సంఘం పేరుతో మాత్రం తిప్పకు."

ఇంటికొచ్చి సంఘం పేరున్న చీటీ గోటితో గీకేశాను. ఒక తెల్ల కాగితం గుచ్చాను.

"ఇందులో ఏమీ రాయలేదేం?" అన్నాడు సోయిచి.

"రాసేస్తే ఇక మాట్లాడేదేముంది? ముద్ర వెయ్యి."

నవ్వుతూ వేశాడు, తలకిందులుగా.

"రేపు పదింటికి కుమె మామ్మ తలుపు కొడతాను" అన్నాను. "ఆవిడ తరవాతిల్లు హిరోసే గారిది. ఆయన తలుపు ఆవిడే కొడుతుంది."