కెప్టెన్ గారి మగ్గు

సెలవు ముగించుకొని ఆమె మ్యూజియంలో పనిలోకి వచ్చేసరికి, పోయిన మొగుడి టీ మగ్గు ఓడలో కెప్టెన్ గదిలోని అద్దాల పెట్టెలో ఉంది. పక్కన చీటీ: "కెప్టెన్ వాడిన మగ్గు. లోపలి మరకలు ఆనాటివే. కడగరాదు."

ఆ మ్యూజియంలో వస్తువులూ, రేవులో కట్టేసిన పాత ఓడా, బడిపిల్లల పాఠాలూ అన్నీ ఆమె పెత్తనమే. ఆయన ఆ ఓడకి వడ్రంగి. పుచ్చిన పలకలు మార్చడం ఆయన ఉద్యోగం. ఎవరూ కూర్చోకూడదని ఆమే తాడు కట్టించిన కెప్టెన్ కుర్చీలో కూర్చుని టీ తాగడం ఆయన అలవాటు. మగ్గు ఇంటికి తెస్తే ఒక్కసారి తోమి ఇస్తానని ఆమె పోరేది. "తోమితే రుచి పోతుందే" అనేవాడు. పోయిన నెల ఆయన గుండె ఆగిపోయింది. మగ్గు ఓడలోనే ఉండిపోయింది.

ఆమెకి ఏడుపు రాలేదు. "రాయిలా ఉన్నావేంటి వదినా" అని ఆడపడుచు భుజం పట్టి కుదిపింది. రాయి నయం, వచ్చిన వాళ్ళందరికీ టీలు పెట్టక్కర్లేదు. పెట్టింది, గిన్నెలు తోమింది, ఆయన చొక్కాలన్నీ ఉతికి ఆరేసింది. ఆరాక ముక్కు దగ్గర పెట్టుకుంటే సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. అప్పుడూ ఏమీ అనిపించలేదు.

చీటీ రాసింది మేష్టారు. బడి నుంచి రిటైరై ఇక్కడ పిల్లలకి ఓడ చూపిస్తుంటారు.

"కెప్టెన్ గదిలో ఏమీ లేదని పిల్లలు మూతి ముడుస్తున్నారమ్మా. బల్ల కింద దొరికింది. లోపల చూడండి, ఎన్నేళ్ళ నలుపో."

"పెళ్ళయినప్పట్నించీ" అంది. "మా ఆయనది మేష్టారూ."

మేష్టారు తాడు దాటి వెళ్ళి కెప్టెన్ కుర్చీలోనే కూలబడ్డారు.

"ఎంత పని చేశానమ్మా. ఇదిగో తాళం. ఇంటికి తీసుకెళ్ళిపోండి."

పెట్టె తెరిచింది. అలవాటు కొద్దీ తెల్ల గ్లౌజులు తొడుక్కుని మగ్గు చేతిలోకి తీసుకుంది. అంచున, పెదవి ఆనే చోట మాత్రం నలుపు లేదు. ఇంట్లో దీన్ని ఎక్కడ పెట్టాలా అని ఆలోచించింది. ఎక్కడ పెట్టినా సింకు నాలుగడుగుల దూరమే. ఈ నెలంతా చేతులు ఆమెను అడిగి ఏ పనీ చేయలేదు, కనబడిందల్లా తోమేశాయి.

అంతలో బడిపిల్లలు బిలబిలమంటూ గదిలోకి దిగారు. ముందున్న పిల్ల మగ్గులోకి తొంగి చూసి మొహం చిట్లించింది.

"ఛీ, కడగలేదేంటి టీచర్?"

"కడిగితే రుచి పోతుందట."

"ఎవరు చెప్పారు?"

"ఓడ వడ్రంగి."

"ఆయనకేం తెలుసు?"

"నేనూ అదే అనేదాన్ని" అంది.

మగ్గుని తిరిగి పెట్టెలో, పిడి కుర్చీ వైపుకి ఉండేలా పెట్టి తాళం వేసింది.

"మేష్టారూ, కెప్టెన్ అన్నది కొట్టేసి ఓడ వడ్రంగి అని రాయండి."

"కడగరాదు అన్నది ఉంచనా అమ్మా?"

"ఉంచండి. అది నాకు."

పిల్లల్ని తాళ్ళ ముడులు చూపించడానికి పైకి తీసుకెళ్తూ, మెట్ల దగ్గర ఆగి వెనక్కి వచ్చింది. తాళంచెవి మేష్టారి చేతిలో పెట్టింది.

"ఇది మీ దగ్గరే ఉంచండి. నేనడిగినా ఇవ్వకండి."