నీలాల బెజ్జం

...తప్పు చేతిది కాదు, చెయ్యి ఎప్పుడూ తప్పలేదు, అని అల్ముట్ మూడోసారి అనుకుంది. కిర్ష్‌వైలర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు, ఒట్మార్ చెయ్యి కూతురికి వచ్చిందని. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె మెడ కాస్త నిటారయ్యేది. ఇప్పుడు, ఇంత పొరపాటు చేసి కూర్చున్నాక కూడా, ఆ మాట తలుచుకోగానే మెడ లేచింది. గర్వానికి సిగ్గుండదేమో.

సాన చక్రం ఆగి ఉంది. దాని పక్కన నిలబెట్టిన చెక్క పలక నిండా బెజ్జాలు. కర్ర కొసన రాయిని అతికించి, రెండో కొసను ఒక బెజ్జంలో ఆనించి చక్రానికి తాకిస్తే, బెజ్జం ఎత్తును బట్టి రాయికి వాలు వస్తుంది. అంకెలు, కొలతలు ఏమీ లేవు. పచ్చలకు ఒకటి, నీలాలకు ఒకటి, గోమేధికాలకు ఒకటి. కొన్ని తాత పొడిచినవి, మిగతావి నాన్నవి. ఈ ఊళ్లో పని నేర్చుకున్న ప్రతి కొడుక్కీ ఒక కొత్త పలక ఇస్తారు. తన బెజ్జాలు తానే పొడుచుకుంటాడు. నాన్నకు కుడిచెయ్యి పడిపోయిన ఏడాది అల్ముట్ వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది. ఆమెకు పలక ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు. అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఇప్పుడు యాభై ఎనిమిది.

అరచేతిలో ఉన్నది హౌయిన్ అనే అరుదైన నీలిరాయి. ఎన్నడో చల్లారిన అగ్నిపర్వతం మెండిగ్ ఊరి చుట్టూ కుమ్మరించిన నురుగురాయిలో దొరుకుతుంది. దొరికితే నువ్వుగింజంత. ఇది శనగబద్దంత. నీలిరంగు కదా అని, ఎప్పటిలాగే ఆలోచించకుండా నీలాల బెజ్జంలో ఆనించి రాయి అడుగువైపు వాలులన్నీ సానపట్టింది. కర్ర నుంచి ఊడదీసి, కడిగి చూస్తే, రాయి నడిమధ్యలోంచి తన అరచేతి గీత కనిపించింది. హౌయిన్ మెత్తని రాయి, వెలుగును తేలిగ్గా జారవిడుస్తుంది. నీలానికి సరిపోయే వాలు దీనికి చాలదు. నువ్వుగింజంత వాటిలో ఆ లోపం ఎవరికీ కనబడలేదు. తనకూ కనబడలేదు. కనబడలేదా, చూడలేదా?

"ఏమ్మా, నా పిల్ల పుట్టిందా?" తలుపు తోస్తూనే అడిగాడు వెండెలిన్. డెబ్బై మూడేళ్ల మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా మోకాళ్ల మీద కూర్చుని నురుగురాయి జల్లిస్తున్నాడు. ఈ రాయి దొరికింది అతనికే.

"పుట్టింది. బూట్లు విప్పి రా, మెండిగ్ అంతా నా ఇంట్లోకి మోసుకురాకు."

"తూచావా?"

"నూట నాలుగు పాయింట్లు. క్యారెట్ మీద నాలుగు."

వెండెలిన్ బూట్ల సంగతి మరిచిపోయి స్టూలు మీద కూలబడ్డాడు. "క్యారెట్ దాటిందా! ఇక ఆ రైనర్‌గాడి మీసం చూడాలి. నాలాగే జల్లించేవాడే, నలభై పాయింట్ల రాయి పెట్టుకుని ఊరేగుతాడు వెధవ."

ఇక్కడితో ఊరుకోవచ్చు. అతనికి కనబడదు, రైనర్‌కూ కనబడదు. ఆ ముసలి ముఖంలో సంతోషం చూస్తూ ఆమె ఒక క్షణం నిజంగానే ఊరుకుంది. ఆ తరువాత లోపల ఏదో ఎదురు తిరిగింది. అది నిజాయితీ అని ఆమె అనుకోలేదు. ఈ రాయి తన చేతి రాయిగా ఊరేగడం ఇష్టం లేదు, అంతే.

వార్తాపత్రిక పరిచి రాయిని దాని మీద పెట్టింది. "చదువు."

"ఏం చదవను?"

"రాయిలోంచి."

అతను వంగి కళ్లు చికిలించాడు. "నా పేరులో మొదటి అక్షరం కనిపిస్తోందే! శుభం."

"శుభం నీ మొహం. మంచి రాయిలోంచి అక్షరం కనబడకూడదు. వెలుగు పైకి తిరిగి రావాలి, ఇందులో కిందికి కారిపోతోంది."

అతను నెమ్మదిగా తల ఎత్తాడు. "మీ నాన్నయితే ఏం చేసేవాడు?"

"ఇదే చేసేవాడు. ఈ బెజ్జం ఆయనదే, ఈ తప్పూ ఆయనదే."

అన్నాక ఆమె కాసేపు ఆగింది, ఏదైనా జరుగుతుందేమోనని. వంటింట్లో దుంపలు ఉడుకుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"సరిచేస్తే?"

"తొంభై పాయింట్లు మిగులుతాయి."

"అంటే క్యారెట్ కాదు."

"కాదు."

"పగిలితే?"

"పగలదు."

"అంత గట్టిగా ఎలా చెప్తావ్?"

"చెయ్యి నాది కాబట్టి."

వెండెలిన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు అతని ముఖంలో ఒకసారి అటూ ఇటూ తిరిగాయి. "నీకు పొగరెక్కువ."

"ఉంది."

"సరే, కానీ. రైనర్‌గాడికి తూకం చెప్పను, రాయే చూపిస్తాను." లేచాడు. "దుంపలు మాడేలా ఉన్నాయి. నేను చూస్తాలే, నువ్వు కూర్చో."

అల్ముట్ పలక వైపు తిరిగింది. నీలాల బెజ్జం కింద తరువాతి బెజ్జం వేలెడు దూరంలో ఉంది. అందులో ఆనిస్తే వాలు మరీ ఎక్కువై సగం రాయి పోతుంది. రెండింటి మధ్య చెక్క నున్నగా ఉంది, ఎవరి గుర్తూ లేకుండా. బొటనవేలితో అక్కడ తడిమింది. నీలాల బెజ్జానికి గోరు వెడల్పంత కిందికి దిగి, ఆగింది.

సొరుగులోంచి బెజ్జాలు పొడిచే చేతి బర్మా తీసి, మొనను అక్కడ ఆనించి, తిప్పింది.