రాతి మీద ఎండ

ఎండ రాతి మీద పడిందని మవ్జూనే ముందు చూసింది. చలికాలమంతా కొండ చాటున దాక్కునే సూర్యుడు ఆ మధ్యాహ్నం శిఖరం పైనుంచి తొంగి చూశాడు. ఊరి వెనక నిలబెట్టిన పెద్ద రాతికి అరచెయ్యంత వెలుగు అంటుకుంది. ఆ పిల్ల పరుగున పోయి కదంషోను పిలుచుకొచ్చింది. ముసలాయన రాతిని తడిమి చూసి, "గోట్లోకి దిగాడు," అన్నాడు. ఇక లెక్క మొదలైనట్టే.

ఎత్తైన మంచుకొండల నడుమ ఉన్న ఆ బార్తాంగ్ లోయలో వసంతాన్ని నెలలతో కాకుండా మనిషి ఒంటితో కొలుస్తారు. సూర్యుడు కాలి గోట్లోకి దిగి, అక్కణ్ణుంచి ఇన్నేసి రోజుల చొప్పున చీలమండకు, పిక్కకు, మోకాలికి ఎక్కుతాడు. మోకాలికి ఎక్కిన రోజున అరకలు కట్టాలి. ఎక్కాడో లేదో చెప్పే హక్కు లెక్క చూసే పెద్దమనిషిది. ఆయన నోరు విప్పనిదే ఎంత తొందర మనిషైనా గింజ చల్లడు, విప్పాక ఎంత అనుమానం మనిషైనా ఆగడు. కదంషోకు ఆ పెద్దరికం తండ్రి నుంచి వచ్చింది. ఆయన కూతురు సవ్సన్ ఊరి బళ్ళో భూగోళం చెబుతుంది.

ఆ ఏడు బడికి పైనుంచి ఒక హుకుం వచ్చింది. వాతావరణం మారిపోతోంది కాబట్టి ఊరి పాత విద్యలను పాఠాల్లో కలపాలట. పైవాళ్ళకేం, కూర్చుని ఎన్నైనా చెబుతారు. సవ్సన్ నల్లబల్ల మీద మనిషి బొమ్మ గీసి, కాలి గోరు దగ్గర సూర్యుణ్ణి పెట్టింది. వసారాలో వేలాడే పాత ఫోటో తెచ్చి పిల్లలకు చూపించింది. అందులో పూర్వపు పంతుళ్ళు వరసగా నిలబడి ఉన్నారు, వెనక కొండ నెత్తిన మందంగా మంచుగడ్డ. ఆ మంచులో మిగిలిన చివరి పెళ్ళ కూడా కిందటి వేసవిలో జారి ఏట్లో కలిసింది. కిటికీలోంచి ఇప్పుడు బోడి కొండ కనబడుతోంది.

"టీచర్," అంది మవ్జూన, "టోపీ తీసేస్తే మనిషి పొట్టోడైపోతాడు కదా. మరి కొండ పొట్టిదైతే ఎండ ముందే వచ్చేసుంటుంది కదా?"

పిల్లలు నవ్వారు. సవ్సన్ కొండ వైపు చూసి సుద్దముక్క కింద పెట్టింది. "రేపు చెబుతాను," అంది. మర్నాడు వేరే పాఠం చెప్పింది.

ఆ సాయంత్రమే తండ్రి ఉప్పు వేసిన పాలటీలో రొట్టె తుంచుకుంటుంటే పక్కన చేరింది.

"నాన్నా, ఈ ఏడు లెక్క కాస్త ముందే మొదలైందేమో."

"ఎవరన్నారు?"

"కొండ మీద మంచు పోయింది కదా. అందుకని ఎండ తొందరగా..."

"రాయి జరిగిందా?"

"లేదు."

"కొండ జరిగిందా?"

"లేదు నాన్నా, కానీ..."

"మరి నేను జరిగానా?" ముసలాయన గిన్నె కింద పెట్టాడు. "మా నాన్న ఆ రాతి దగ్గరే నా చెయ్యి పట్టుకుని నేర్పాడు. అది తప్పంటే నాకింకేం రాదు. నువ్వు నీ బళ్ళో చెప్పుకో, పో."

 ఆయన భయపడుతున్నాడని సవ్సన్‌కు అర్థమైంది. గిన్నె తీసుకుని లేచింది. అసలు చలి కూడా మునుపట్లా లేదుగా, దానికీ దీనికీ చెల్లుకు చెల్లు అనుకుంది. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉందంటే, రోజూ అదే అనుకుంది. నల్లబల్ల మీద సూర్యుణ్ణి చీలమండకు జరిపింది, పిక్కకు జరిపింది. లోపలంతా తిమ్మిరెక్కినట్టుండేది. దాన్ని బాధ అనడానికి కూడా లేదు.

సూర్యుడు మోకాలికి ఎక్కాడని కదంషో చెప్పిన రోజు ఊరంతా ఎద్దుల కొమ్ములకు పిండి రాసింది. కాలువ దగ్గర మవ్జూన తల్లి ఓయ్‌మో సవ్సన్‌ను ఆపింది. మొగుడు పోయాక ఒంటి చేత్తో సేద్యం నెట్టుకొస్తున్న మనిషి. ఊళ్ళో అందరూ బజారు విత్తనానికి మారినా, అమ్మమ్మల నాటి ఎర్ర గోధుమ ఆమె ఇంట్లోనే మిగిలింది, అదీ ఒక్క బస్తా.

"గాలి ఇంకా కొరుకుతోందమ్మా," అంది ఓయ్‌మో. "మీ నాన్న మాటంటే మాటే, కాదనను. అయినా నువ్వు చదువుకున్నదానివి. మొత్తం చల్లెయ్యనా, సగం దాచనా? ఇది పోతే ఈ గింజ మళ్ళీ ఎక్కడా దొరకదు."

సగం దాచుకో అక్కా. అంతే, మూడు మాటలు. నోటి దాకా వచ్చాయి కూడా. అవతల పొలంలో తండ్రి గింజల గిన్నె పట్టుకుని మొదటి చాలు పక్కన నిలబడి ఉన్నాడు. ఈ రోజు కోసమని ఉతికించుకున్న తెల్ల చొక్కా వేసుకున్నాడు. సొంత కూతురే విత్తనం దాచమందని ఊరికి తెలిస్తే ఆయన మళ్ళీ ఆ రాతి దగ్గరకు వెళ్ళగలడా?

"నాన్న చెప్పారుగా అక్కా," అంది సవ్సన్.

"అంతేలే. నాదంతా పిచ్చి అనుమానం," అని నవ్వి, ఓయ్‌మో బిందె ఎత్తుకుంది.

మొలకలొచ్చాయి. వాటి మీద మంచు పడి కరిగింది, ఆ తడి ఆరకముందే రాళ్ళు పగిలే చలి పట్టింది. మళ్ళీ ఎండ కాసేసరికి చేలన్నీ నల్లగా ఉన్నాయి. ఎవరూ ఏడవలేదు, ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. మగవాళ్ళు బజారు విత్తనం తేవడానికి లారీ మాట్లాడుకున్నారు. ఓయ్‌మో మాత్రం తన చేలో చతికిలబడి చాలా సేపు మట్టి కెలికింది. మెత్తబడిన గింజలు ఆమె వేళ్ళకు అంటుకుంటున్నాయి. సవ్సన్ గట్టు మీద నిలబడి చూసింది. ఏడుపొస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు. ఇంటికి పోయి రొట్టెలకు పిండి కలిపింది.

మర్నాడు ఊరివాళ్ళు కదంషో ఇంట్లో కూడారు. ముసలాయన స్తంభానికి ఆనుకుని కూర్చుని, "తప్పు నాది. కళ్ళు ఆనడం లేదు," అన్నాడు. ఆయన కళ్ళు శుభ్రంగా ఆనుతున్నాయని సవ్సన్‌కు తెలుసు.

"ఆకాశం చేసిన పనికి నువ్వేం చేస్తావు మామా," అన్నారెవరో.

"నేనొక మాటంటాను, ఏమనుకోకండి," అంది ఓయ్‌మో. "పెద్దాయన అలిసిపోయాడు. ఇక లెక్క సవ్సన్‌కు అప్పజెబుదాం."

"ఆడదానికా?" అని ఒక మూల నుంచి గొణుగుడు వినబడింది.

"ఆడది పిలిస్తే ఎండ రానంటుందా?" అంది ఓయ్‌మో. నలుగురూ నవ్వారు. "మన పిల్లలకు చదువు చెబుతోంది. తెలిసిన ముక్క కడుపులో దాచుకునే మనిషి కాదు. నా మటుకు నాకు ఆ నమ్మకముంది."

అందరూ సవ్సన్ వైపు తిరిగారు. తండ్రి కూడా చూశాడు. ఒప్పుకొమ్మని బతిమాలుతున్నాడో, నోరు విప్పొద్దని బతిమాలుతున్నాడో ఆమెకు తెలియలేదు. తల్లి భుజానికి ఆనుకుని కూర్చున్న మవ్జూన కన్నార్పకుండా ఆమెనే చూస్తోంది.  రేపు చెబుతానన్న టీచర్ ఇప్పుడైనా చెబుతుందని ఎదురుచూస్తోంది.

"సరే, చేస్తాను," అంది సవ్సన్.

ఓయ్‌మో లేచి వచ్చి ఆమె చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకుంది. సవ్సన్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.