కిటికీకి అడ్డంగా

తిరువూరు బస్టాండు వెనక సందులో లాల్‌సాహెబ్ ఇల్లు ఏదని అడిగితే ఎవరైనా చూపిస్తారు. గుమ్మం పక్కన మూడు గ్రైండర్లు బోర్లించి ఉంటాయి. ఆ మూడూ అతనివి కావు.

ఆ ఆదివారం పొద్దున గ్లోరి అనే ఆవిడ మిక్సీని సంచిలో పెట్టుకుని వచ్చింది. కొట్టు ఎత్తేసి నాలుగేళ్లయిందన్న సంగతి లాల్‌సాహెబ్ ఆమెకు చెప్పలేదు. మిక్సీ పుచ్చుకున్నాడు. అట్టముక్క చింపి పేరు, పేట, జబ్బు రాసి, పురికొసతో మిక్సీ మెడకు కట్టాడు.

"ఎప్పుడు రమ్మంటారండి?"

"రేపు కనపడమ్మా."

ఆ రేపు అతని నోట ముప్పై ఏళ్లుగా ఉంది.

రేడియోలు, ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేయడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ఎ.కొండూరు నుంచి, వినగడప నుంచి, రెడ్డిగూడెం నుంచి వస్తువులు వచ్చేవి. కొందరు తీసుకుపోయారు. కొందరు రెండుసార్లు తిరిగి, విసిగి, కొత్తవి కొనుక్కున్నారు. కొందరు చచ్చిపోయారు. వస్తువులు మాత్రం చీటీలతో సహా అతని దగ్గరే ఉండిపోయాయి. తీసెయ్యమని ఎవరైనా అంటే లాల్‌సాహెబ్ ఛాతీ విరుచుకుని ఒక మాట చెప్పేవాడు.

"అమానత్ అండీ. నమ్మి అప్పగించిన సొత్తు. అమ్మకూడదు, వాడకూడదు, పారెయ్యకూడదు."

విన్నవాళ్లంతా మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్లలో ఒక్కరూ ఆ ఇంట్లో ఒక్క పూట పడుకోలేదు.

కొట్టు యజమాని ఖాళీ చేయించినప్పుడు ఆ సామానంతా ఇంటికి వచ్చింది. ఉన్నవి రెండే గదులు. వెనక గదికి ఒక్క కిటికీ. సామాను ఆ కిటికీ అంచుల మీదుగా అటకదాకా పేరుకుంది. ఒక మంచం పట్టే చోటు మిగిలింది. ఆ మంచం మీద అతని భార్య షాజాదీ ఎనిమిది నెలలు పడుకుంది. ఊపిరితిత్తుల జబ్బు.

"ఏమండీ, ఆ కిటికీ తెరవరూ. గాలాడట్లేదు."

"అటు సామానుంది కదా. రేపు తీస్తాలే."

నలభై ఫ్యాన్లున్న గదిలో ఆమె గాలి కోసం నోరు తెరుచుకుని పోయింది. కిటికీ తెరిస్తే బతికేదని డాక్టరు అనలేదు. తెరిచి ఉంటే ఆ ఎనిమిది నెలలూ కాస్త సుఖంగా గడిపేది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఇది జరిగి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలోనూ ఆ సామాను అంగుళం కదల్లేదు.

ఆ ఆదివారమే మధ్యాహ్నం బస్సుకి కూతురు ఫౌజియా, అల్లుడు ముషారఫ్ నూజివీడు నుంచి వచ్చారు. ఫౌజియాకు ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. తల్లి లేదు కాబట్టి మేనత్త వచ్చి నెల రోజులు తోడుంటానంది. ఇక చూడాల్సింది గదే.

ఫౌజియా వెనక గది గుమ్మంలో ఆగిపోయింది. పొట్టతో లోపలికి పట్టలేదు. పక్కకు తిరిగి చూసినా పట్టలేదు.

"నన్నెక్కడ పడుకోమంటావు నాన్నా? గ్రైండర్ మీదా?"

"ముందు గదిలో సర్దుతా లేమ్మా."

"ముందు గదిలోనూ ఇస్త్రీపెట్టెలేగా!"

ముషారఫ్ గుమ్మం బయటే నిలబడి నవ్వాడు. "మామయ్యా, ఇంకాసేపు ఇక్కడే ఉంటే నాకూ చీటీ కట్టేట్టున్నారు."

లాల్‌సాహెబ్ నవ్వలేదు. "అవి మనవి కావమ్మా. అమానత్. మనిష్టం వచ్చినట్టు..."

"అమ్మకు కూడా ఇదే చెప్పావు."

ఫౌజియా ఏడ్చే మనిషి కాదు. కొంగు సర్దుకుని తేల్చి చెప్పింది.

"శుక్రవారం దాకా చూస్తా. ఆ కిటికీ తెరిచి, ఫొటో తీసి పంపు. వస్తాను. లేదంటే అత్తగారింట్లోనే కంటాను. పుట్టిల్లు లేదా అని అడిగితే, ఉంది గానీ అందులో నాకు చోటు లేదని చెబుతా."

మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు.

లాల్‌సాహెబ్‌కు ముందు కోపం వచ్చింది. ఇంత నిజాయితీగా బతికినవాణ్ని కన్నకూతురు దోషిలా నిలబెట్టిందే అని సాయంత్రం దాకా కుమిలాడు. తర్వాత భయం వేసింది. ఆ పిల్ల అన్నంత పనీ చేస్తుంది. తల్లి అయితే అడిగి ఊరుకుంది. ఈమె ఊరుకోదు. ఈ ఇంటి గడప మళ్లీ తొక్కదు.

మర్నాడు పొద్దున్నే పక్క సందులో ట్రాలీ ఆటో నడిపే డానీని పిలిచాడు.

"ఎవరి వస్తువు వాళ్లకి ఇచ్చేద్దాం. చీటీల మీద ఊళ్లున్నాయిగా."

డానీ గదిలోకి తొంగిచూసి తల గోక్కున్నాడు. "లాల్‌సాబు భాయ్, ఇందులో సగం మందిని వెతకాలంటే నా ఆటో పైలోకానికి పోవాలి."

"నడుపు నువ్వు."

ఎ.కొండూరులో మొదటి ఇల్లు. నవదీప్ అనే కుర్ర రైతు బయటకు వచ్చాడు. గ్రైండర్‌కున్న చీటీ చదివి ఆశ్చర్యపోయాడు.

"మా తాతయ్య ఇచ్చాడాండీ ఇది? ఆయన పోయి పదేళ్లయింది. అబ్బ, ఈ రోజుల్లో మీలాంటోళ్లు ఉన్నారంటే నమ్మలేం!"

"తీసుకో బాబూ మరి."

"నేనేం చేసుకోనండీ? ఇంట్లో రెండున్నాయి. దీన్నెక్కడ పెట్టను?"

"నేనెక్కడ పెట్టను?"

"ఇన్నాళ్లూ పెట్టారుగా!"

డానీ ఆటో చాటుకు పోయి నవ్వాడు. ఆ రోజు పదకొండు ఇళ్లు తిరిగారు. పదకొండు ఇళ్లవాళ్లూ అతన్ని మెచ్చుకున్నారు. ఒక్కరు మాత్రం టేబుల్ ఫ్యాను దించుకున్నారు, అదీ మొహమాటానికి. ఈ వస్తువుల కోసం ఎవరో ఎక్కడో ఎదురుచూస్తున్నారని లాల్‌సాహెబ్ ఇన్నేళ్లూ నమ్మాడు. ఎవరూ ఎదురుచూడటం లేదు. ఎవరికీ గుర్తు కూడా లేదు.

గుర్తున్న మనిషి మర్నాడు వినగడపలో దొరికింది.

వెంకాయమ్మకు ఎనభై దాటాయి. ఊళ్లో ఆస్తి తగాదా అయినా, మొగుడూపెళ్లాల తగాదా అయినా ఆవిడ అరుగు మీదకే వస్తుంది. ఆ వేళ అరుగు మీద మామిడి ఒరుగులు ఎండబెడుతోంది. లాల్‌సాహెబ్ రేడియో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చీటీ మీద 'వినగడప హనుమయ్య, రేడియో, గరగర' అని ఉంది.

"తిరువూరు రేడియో లాల్‌సాహెబ్‌ని అమ్మా. మీ ఆయనగారిది తెచ్చాను."

ఆవిడ చేతులు తుడుచుకుని రేడియో ఒళ్లో పెట్టుకుంది. మీట తిప్పింది. అది పలకలేదు.

"బాగయిందా?"

"లేదమ్మా. అప్పట్లో పార్టు..."

"పార్టు రాలేదు. నాకు తెలుసులే ఆ మాట. మా ఆయన నాలుగుసార్లు వచ్చి నీ నోటెంట విన్నాడు. నాలుగోసారి నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చా. అప్పటికి ఆయనకి చూపు పోయింది. గుర్తుందా?"

లాల్‌సాహెబ్‌కు గుర్తులేదు. పార్టు మాత్రం గుర్తుంది. అది ఆ నెలలోనే వచ్చింది. తొందరపెట్టిన వేరేవాడి రేడియోకి వేశాడు.

"చూపు లేనాయనకి రేడియోనే లోకం" అంది వెంకాయమ్మ. "కొత్తది కొందామంటే వినడే! లాల్‌సాబు నమ్మకస్తుడే, వస్తువు ఎక్కడికీ పోదు అనేవాడు. అట్టా అంటానే పోయాడు."

"ఎక్కడికీ పోలేదమ్మా. ఒక్క మర కూడా పోలేదు. మాలో అమానత్ అంటారు. నమ్మి ఇచ్చిన సొత్తు. ముట్టుకోకూడదు."

"తిరిగివ్వాలని లేదా అందులో?"

లాల్‌సాహెబ్ తల దించుకున్నాడు. "ఉందమ్మా. అసలు ఉన్నది అదే."

"మరి నువ్వు చేసిందేంటి? దొంగైతే నయమయ్యా. వాడైనా పెట్టుకుని వినేవాడు. నువ్వు ఆయన్నీ విననివ్వలా, నువ్వూ వినలా. వస్తువు మనిషి కోసం పుట్టింది. మనిషి పోయేదాకా వస్తువుని దాచి, దానికి ధర్మమని పేరు పెట్టుకుంటే సరా?"

డానీ గొడ్లచావిడి వైపు చూస్తూ నిలబడ్డాడు. లాల్‌సాహెబ్ కళ్ల ముందు హనుమయ్య లేడు. మంచం మీద షాజాదీ ఉంది.

"తప్పు చేశానమ్మా" అన్నాడు. ఆ మాట అతను ముప్పై ఏళ్లలో ఎవరితోనూ అనలేదు.

వెంకాయమ్మ రేడియో తిరిగి అతని చేతిలో పెట్టింది. "వినేవాడు లేడు. నాకెందుకు? తీసుకుపో. మళ్లీ ఇంట్లో పెట్టావో, మీ ఊరొచ్చి మరీ తిడతా. ఎందుకు ఇప్పుడు గుర్తొచ్చాయి ఇవన్నీ?"

డానీ ఉన్న సంగతి చెప్పాడు. ఆవిడ ఒరుగులు రెండు గుప్పిళ్లు కాగితంలో చుట్టి ఇచ్చింది. "ఏడో నెలంటే పులుపు అడుగుద్ది. పిల్లకివ్వు. ముందు గాలి ఇవ్వు, తర్వాత ఇవి."

తిరుగుదారిలో లాల్‌సాహెబ్ రేడియోను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. కానీ ఒళ్లు తేలికగా ఉంది. మెప్పులు ముప్పై ఏళ్లు మోసినా రాని నెమ్మది, ఒక్క తిట్టుతో వచ్చింది.

బుధవారం నుంచి గది ఖాళీ కావడం మొదలైంది. ఫోన్ నంబరున్న వాళ్లకి ఫోన్ చేసి అడిగాడు. అందరూ ఒకే మాట అన్నారు. వద్దు. మనుషులే లేని చీటీల గురించి మసీదులో పెద్దలను అడిగాడు. అక్కరకొచ్చేవి అక్కరున్నవాళ్లకి ఇచ్చెయ్యమన్నారు. తొమ్మిది ఫ్యాన్లు తీగ తగిలించగానే తిరిగాయి. వాటిని ఆడపిల్లల హాస్టలుకు పంపాడు.

"ఇంకో పది బాగుచేద్దునా?" అన్నాడు ఆశగా.

"ఎప్పుడు భాయ్? రేపా?" అన్నాడు డానీ.

మిగిలినవన్నీ పాత సామాన్ల కొట్టుకు వెళ్లిపోయాయి. హనుమయ్య రేడియోనూ పంపేశాడు. గ్లోరి మిక్సీ మాత్రం ఆ సాయంత్రమే బాగుచేసి, తనే రాజుపేట వెళ్లి ఇచ్చాడు. ఆవిడ నమ్మలేక రెండుసార్లు తిప్పి చూసుకుంది.

గురువారం మధ్యాహ్నానికి కిటికీ దగ్గరికి చేరారు. మంచం తలవైపు, గోడకు ఆనించి, ఒక చిన్న టేబుల్ ఫ్యాను ఉంది. దానికీ చీటీ ఉంది. రాత అతనిది కాదు.

'షాజాదీ, లాల్‌సాహెబ్ భార్య, తిరువూరు. ఫ్యాను. గాలి రావట్లేదు. తొందర.'

లాల్‌సాహెబ్ చీటీ రెండోసారి చదివాడు. చీటీ ఉన్న వస్తువునైనా భర్త పట్టించుకుంటాడేమోనని, చివరికి ఆమె కూడా ఊరివాళ్లలాగే చీటీ రాసి కట్టింది. అతను చూడలేదు. దాని మీద ఇంకొకరి మిక్సీ పెట్టాడు.

డానీ బయటకు వెళ్లి ఆటోలో కూర్చున్నాడు.

కాసేపటికి లోపలి నుంచి మరలు విప్పుతున్న చప్పుడు వినిపించింది. జబ్బు పెద్దదేం కాదు. ఇరుసు తిరిగే బుష్ పట్టేసింది. నూనె వేసి, కండెన్సర్ మార్చాడు. ఇరవై నిమిషాల పని. రెండేళ్లకు పైగా ఆగిన ఇరవై నిమిషాలు.

తర్వాత కిటికీ గడియ తీశాడు. తుప్పు పట్టి రాలేదు. సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు. రెక్కలు విడిపోయి, ఎండతోపాటు గాలి బుస్సున లోపలికి వచ్చింది. గదిలో దుమ్మంతా లేచింది. లాల్‌సాహెబ్ గుండెల నిండా ఊపిరి పీల్చి, దగ్గి, నవ్వి, ఏడ్చాడు. ఆ ఇల్లు అంత పెద్దదని అతనికి తెలియదు.

ఫొటో పంపమంటే డానీ తీసి, ఒరుగుల సంగతీ రాసి పంపాడు. ఫౌజియా నుంచి జవాబు రాలేదు. మనిషే వచ్చింది. శుక్రవారం పదకొండు గంటల బస్సుకి, మేనత్తతో, రెండు సంచులతో.

గదిలో కడిగిన గచ్చు, ఒక మంచం, మంచం పక్కన స్టూలు మీద టేబుల్ ఫ్యాను. అంతే. ఫౌజియా చేతులు బార చాపి ఒకసారి గుండ్రంగా తిరిగింది. దేనికీ తగల్లేదు. చిన్నప్పట్లా నవ్వింది. తర్వాత ఫ్యానుకున్న చీటీ చూసింది. చదివింది. తండ్రి వైపు తిరిగింది.

"మీ అమ్మదమ్మా" అన్నాడు లాల్‌సాహెబ్. "నా దగ్గర మిగిలిన ఆఖరి అమానత్ ఇదే. ఆలస్యంగా ఇస్తున్నా. తీసుకో."

ఫౌజియా చీటీ విప్పి మడిచి జాకెట్టులో పెట్టుకుంది. ఫ్యాను మీట నొక్కి, కిటికీ వైపు తల పెట్టి పడుకుంది. తండ్రిని క్షమించానని అనలేదు. "ఒరుగులు ఏవో ఉన్నాయన్నావుగా, ఇటు తే నాన్నా" అంది.

ఈ కథ చదివేవారు లేచి, తమ ఇంట్లో కిటికీకి అడ్డంగా ఏముందో చూసుకోవాలి. అది ఎంత విలువైనదైనా, ఎవరి పేరున దాచినదైనా, వాడని వస్తువు తినేది ఇంట్లో మనిషి ఊపిరినే. దాన్ని రేపు కాదు, ఇవాళే సాగనంపండి.