రసమట్టంలో బుడగ

అంకాపూర్ రాజేశ్వర్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటే, అనుమానం. పాలవాడి క్యానులో వేలు ముంచి చూడందే గిన్నె పట్టడు. విత్తనాల సంచి కుట్టు సరిగ్గా లేకపోతే విప్పి చూస్తాడు, సరిగ్గా ఉంటే ఇంత సరిగ్గా ఎందుకుందని విప్పి చూస్తాడు. అలాంటి మనిషి, ఎవరి మాట విన్నాడో ఏమో, హైదరాబాద్ పోయి పెద్ద సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొనుక్కొచ్చాడు. దానికి చక్రాల దగ్గర ఇనుప స్ప్రింగులుండవు, గాలి తిత్తులుంటాయి. బండి ఎంత ఎత్తున నిలబడాలో లోపలి కంప్యూటర్ చూసుకుంటుంది. కంటికి కనబడే మనుషులనే నమ్మనివాడు కనబడని కంప్యూటర్‌ను నమ్ముతాడా!

చేనుకు పోయే దారిలో కాలువ కట్ట ఎక్కినప్పుడల్లా బండి కడుపు రాళ్లకు గీరుకునేది. రెండంగుళాలు పైకి లేపించాలి. ఆ పని తెలిసినవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే, భార్య పద్మలత తమ్ముడు జితేందర్. షార్జాలో ఎనిమిదేళ్లు ఇసుకలో తిరిగే బండ్లను లేపిన చెయ్యి అది. అక్కడ కూడబెట్టిందంతా పోసి పెర్కిట్‌లో హైవే పక్కన షెడ్డు వేసుకుని రెండు నెలలైంది. వచ్చిన మొదటి పెద్ద పని బావదే. ఇది బాగా కుదిరితే తన రెండు బండ్లూ పంపుతానని పసుపు మార్కెట్‌లో కమీషన్ అడ్తి నడిపే భీమన్న మాటిచ్చాడు. అవి వస్తే షెడ్డు నిలబడుతుంది. రాకపోతే జితేందర్ మళ్లీ పాస్‌పోర్టు దులుపుకోవాల్సిందే. ఈ సంగతి రాజేశ్వర్‌కు తెలియంది కాదు.

"గీ బండికి మధ్యల దిమ్మెలు పెట్టి లేపొద్దు బావా, కంప్యూటర్ పరేషానైతది," అన్నాడు జితేందర్, చక్రం పక్కన కూర్చుని. "గీ చిన్న కడ్డీలు చూడు. బండి ఎంత ఎత్తున్నదో కంప్యూటర్‌కు గివే చెప్తయి. వీటి పొడుగు మారుస్త. బండి తాను కిందికున్ననని అనుకుంటది, తనంతల తానే లేస్తది. ఆ మీద లాప్‌టాప్ పెట్టి నాలుగు మూలలు సరిజేస్త."

"అంటే బండికి అబద్ధం చెప్తవన్నట్టు."

జితేందర్ నవ్వాడు. "గట్లనే అనుకో."

ఆ నవ్వే కొంప ముంచింది. నోరు లేని బండికే అబద్ధం చెప్పేవాడు బావకు చెప్పడానికి వెనకాడతాడా? మర్నాడు బండిని అప్పజెప్పే ముందు రాజేశ్వర్ పద్మలత గోళ్లరంగు సీసా తీసుకుని, నేల మీద వెల్లకిలా పడుకుని, నాలుగు తిత్తుల మీదా కనబడీ కనబడకుండా ఎర్రచుక్కలు పెట్టాడు. అసలువి తీసేసి నకిలీవి తగిలిస్తే దొరికిపోవాలి.

రెండు రోజులకు బండి ఇంటికొచ్చింది. టేపు పెట్టి కొలిస్తే సరిగ్గా రెండంగుళాలు లేచింది. కాలువ కట్ట మీద ఎక్కడా తగల్లేదు. చుక్కలు నాలుగూ ఉన్నచోటే ఉన్నాయి. ఇంకొకడైతే బామ్మర్దికి దావత్ ఇచ్చేవాడు. రాజేశ్వర్‌కు మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టయింది. అంతలో ఇంటి ముందు పసుపు ఆరబోసే సిమెంటు కల్లంలో నిలబెట్టిన బండి, ఇంజన్ ఆపాక, దానంతటదే సుయ్యిమని గాలి వదిలింది. అది సర్దుకునే తీరు అని జితేందర్ ముందే చెప్పాడు. ముందే ఎందుకు చెప్పాడు? గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు?

కొట్టంలోకి పోయి మేస్త్రీలు వాడే రసమట్టం వెతికి తెచ్చాడు. బండి తలుపు తీసి, కింది గడప మీద పొడుగునా పెట్టాడు. గాజు గొట్టంలో బుడగ మధ్యలో నిలవాలి కదా, ముందు చక్రం వైపు పరుగెత్తింది. అవతలి గడప మీద పెట్టాడు. అక్కడా అంతే. బుడగ పోయేది ఎత్తున్న వైపే. బండి వెనక్కి వంగి ఉంది! రాజేశ్వర్ గుండె కోపంతో కొట్టుకుంది, దాంతోపాటు ఒక రకమైన సంబరంతో కూడా.

"ఫోన్ జేసి నా తమ్ముణ్ని ఒక్కమాట అడుగరాదు?" అంది పద్మలత.

"దొంగతనం జేసినవా అంటే ఏ దొంగన్న చేసిన అంటడా?"

తెల్లారి మార్కెట్‌కు పోయి భీమన్న అడ్తిలో కూర్చుని, నలుగురూ వింటుండగా చెప్పాడు. "ఎనుక తిత్తులల్ల ఏదో గోల్‌మాల్ జేసిండన్నా. నా సొంత బామ్మర్దే, అయినా దాచిపెట్ట. జర పైలం." సొంత బామ్మర్ది గురించి బావే అంటే ఇంక సాక్ష్యమెందుకు? పెదవి దాటితే పృథ్వి దాటుతుందని ఊరికే అన్నారా, మధ్యాహ్నానికల్లా ఆ మాట పెర్కిట్ చేరింది. బండ్లు పంపనని భీమన్న ఫోన్ చేసి చెప్పేశాడు.

జితేందర్ షెడ్డు మూసి, మోటార్ సైకిలేసుకుని నేరుగా అంకాపూర్ వచ్చాడు. బావను పలకరించలేదు. అక్కడున్న రసమట్టం చూశాడు, బండి చూశాడు, కింద నేల చూశాడు.

"అక్కా, బకెట్ నీళ్లియ్యి."

తెచ్చిన నీళ్లను ముందు చక్రాల దగ్గర కుమ్మరించాడు. నీళ్లు ఒక్క క్షణం కూడా ఆగకుండా బండి కిందుగా, వెనక చక్రాలు దాటుకుని, గోడవారన ఉన్న మోరీలోకి పోయాయి. తర్వాత బండెక్కి, వెనక్కి తిప్పి, మళ్లీ అక్కడే నిలబెట్టాడు. రసమట్టం పెట్టాడు. ఇప్పుడు బండి ముందు భాగం మోరీ వైపుంది. బుడగ వెనక చక్రం వైపు పరుగెత్తింది.

"బండి నేలను బట్టి నిలబడ్డది బావా. నేలనే వంకరున్నది. గీ కల్లం ఎవరు పోయించిండ్రు?"

రాజేశ్వర్ రసమట్టాన్ని తీయబోయాడు. పద్మలత ఊరుకుంటుందా? మొగుడి వైపు తిరిగింది. "ఇంకెవరు? మూడేండ్ల కింద ఉడకవెట్టిన పసుపు మీద వాన వడి, నీళ్లు నిలిచి కొమ్ములన్ని నల్లవడలేదా? నీళ్లు జారిపోవాలె, జానెడు వాలు పెట్టుమని మేస్త్రీ గంగాదాస్ నెత్తి మీద గూసున్నది నువ్వు గాదా? బుడగ మధ్యలకొస్తె పైసలియ్యనంటివి! సిమెంటు సంచి ఎత్తుకపోయిండని గీ రసమట్టం గూడ గుంజుకుంటివి!"

అన్నీ నిజాలే. తానే వంచిన నేల మీద నిలబడి, ఆ పేద మేస్త్రీ పనిముట్టుతోనే, ఇంకొక పనివాణ్ని దొంగను చేశాడు. రాజేశ్వర్‌కు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. జితేందర్ చెయ్యి పట్టుకుని, "మాఫ్ జెయ్యిరా," అన్నాడు.

"నాకేం జెప్తవ్ బావా? ఏ నోటితోని భీమన్నకు చెప్పినవో, గదే నోటితోని పోయి చెప్పు."

రాజేశ్వర్ అప్పటికప్పుడే బండి తీశాడు. భీమన్న అడ్తిలో పసుపు రాశి ముందు కూర్చుని ఉన్నాడు. రాజేశ్వర్ కల్లం వాలు, బకెట్ నీళ్లు, బండి తిప్పిన సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. భీమన్న విన్నంతసేపూ విని, చిన్నగా నవ్వాడు.

"ఇంట్ల పద్మలతమ్మ ఏడ్చి పంపినట్టున్నది."

"లేదన్నా, ఒట్టు. తప్పు నాదే."

"పొద్దుగాల బామ్మర్ది దొంగన్నవ్, పొద్దూకెటాళ్లకు దొరంటున్నవ్." భీమన్న రాశిలోంచి ఒక కొమ్ము తీసి టప్పున విరిచి, లోపలి రంగు చూశాడు. "కొమ్మైతే గిట్ల విరిచి చూస్త. నీ మాటను ఎట్ల విరిచి చూడాలె రాజేశ్వర్?"

రాజేశ్వర్ జేబులోంచి బండి తాళం తీసి ఎదురుగా పెట్టాడు. కొన్నప్పటినుంచి ఆ తాళం ఇంకొకరి చేతికిచ్చింది లేదు, పని కోసం జితేందర్‌కు తప్ప. "నెల రోజులు నువ్వే నడుపు. ఏ మెకానిక్‌కన్న చూపెట్టుకో."

భీమన్న తాళం వైపు చూశాడు, రాజేశ్వర్ మొహంలోకి చూశాడు. ముట్టుకోలేదు.

"నువ్వు? తాళమిస్తున్నవా? అంటే గీ బండిల ఏదో పెద్ద మతలబే ఉన్నది. ఒద్దు తియ్యి."

రాజేశ్వర్ తాళం తీసుకుని బయటికొచ్చాడు. బండి ఎక్కి కూర్చున్నాడు గానీ స్టార్ట్ చెయ్యబుద్ధి కాలేదు. ఫోన్ మోగింది. జితేందరే.

"చెప్పినవా బావా?"

"చెప్పిన. అంత చెప్పిన. నమ్ముతలేడురా."

జితేందర్ మెల్లగా అడిగాడు.

"నిజంగనే చెప్పినవా, బావా?"