ఎవరూ అడగని మాత్ర

బస్సు కూడలి దాటుతుండగా డ్రైవరమ్మ చూపుకు కుడిపక్కన రంపం పళ్ళలాంటి వెలుగు గీతలు మెరిశాయి. అవి మెల్లగా పాకి, అద్దంలో కనిపిస్తున్న స్కూటరును సగం మింగేశాయి. ఆమె బస్సును పక్కకు తీసి ఆపేసింది.

"ఏంటమ్మా, ఇక్కడే కాపురం పెడతావా?" వెనకనుంచి ఎవరో అరిచారు. జవాబిచ్చేలోపే తలనొప్పి సమ్మెటలా మొదలైంది.

ఈమధ్య ఇది తరచూ వస్తోంది. డిపో డాక్టరు తల ఎత్తకుండానే "బీపీ, షుగరు మందులేమైనా వాడుతున్నారా?" అన్నాడు. లేవంది. "బాగా నిద్రపోండి" అని పంపేశాడు. కళ్ళ డాక్టరు కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు. భర్త సెల్‌ఫోను మానెయ్యమన్నాడు. నలుగురు నాలుగు మాటలు చెప్పారు, తలనొప్పి మాత్రం తగ్గలేదు.

ఒక ఉదయం వెలుగు గీతలతోపాటు కుడిచెయ్యి కూడా తిమ్మిరెక్కింది. దువ్వెన జారి కింద పడింది. ఈసారి ఆమె ఎవరి సలహా అడగలేదు. సెలవు పెట్టి, వీధి చివరి క్లినిక్‌లోని పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

డాక్టరమ్మ బీపీ చూసి, అన్నీ విని అడిగింది. "పిల్లలు పుట్టకుండా ఏమైనా వాడుతున్నావా?"

"మాత్రలండి. అవి మందు కాదుగా?"

"ఎవరు రాశారు?"

"మా తోడికోడలు."

"ఆవిడ డాక్టరా?"

"కాదండి, బ్యూటీ పార్లరు నడుపుతుంది. తనకు పడ్డాయి, నాకూ పడతాయంది."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఈ మాత్రలో రెండు హార్మోన్లు ఉంటాయి. చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ ఇలా వెలుగు గీతలతో తలనొప్పి వచ్చేవాళ్ళకి ఇందులోని ఈస్ట్రోజెన్ మంచిది కాదు. మెదడుకి రక్తం అందక పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఇవాళే ఆపెయ్."

"ఆపితే మళ్ళీ కడుపొస్తే?"

"ఈస్ట్రోజెన్ లేకుండా ఒకే హార్మోను ఉన్న మాత్ర రాస్తాను. రోజూ ఒకే వేళకి, మధ్యలో ఆపకుండా వేసుకోవాలి. మొదట్లో కొన్నాళ్ళు కండోమ్ కూడా వాడండి. మళ్ళీ చెయ్యి తిమ్మిరెక్కినా, మాట తడబడినా, ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి వెళ్ళు."

డ్రైవరమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్నాళ్ళు ఇంతమంది దగ్గరికి తిరిగానండి. ఒక్కరూ ఈ ముక్క అడగలేదే!"

"నువ్వు చెప్పాల్సింది."

"అడిగితే కదండీ చెప్పేది! నలభైమందిని ఎక్కించుకుని తిరుగుతున్నాను నేను."

డాక్టరమ్మ చీటీ రాస్తున్న కలం ఆపింది. "నిజమే, మేమే అడగాల్సింది" అంది.

మందుల షాపతను చీటీ చూసి పాత రకమే తీసిచ్చాడు. "అన్నీ ఒకటేనమ్మా." ఆమె అక్కడే నిలబడి చీటీలోది ఇచ్చేదాకా కదల్లేదు. కండోమ్‌లు తెమ్మని పంపితే భర్త అరగంట తిరిగి దగ్గుమందుతో వచ్చాడు. "షాపులో మా మేనేజరున్నాడే" అని నసిగాడు.

"దగ్గొస్తే పిల్లలు పుడతారా?" అని చెప్పులు వేసుకుని తనే వెళ్ళింది.

సాయంత్రం మేడ మీదికెక్కి తోడికోడలికి సంగతంతా చెప్పింది. "అక్కా, నీకు బీపీ ఎప్పుడైనా చూశారా? బీపీ ఉంటే నీకూ ఇవి పనికిరావట."

"మేలు చేద్దామని ఇస్తే నాకే ఎదురు పాఠాలా? నా బీపీ నీవల్లే పెరుగుతోంది" అని ఆమె తలుపేసుకుంది. వారం రోజులు మెట్ల మీద ఎదురైనా మొహం తిప్పుకుంది.

తలనొప్పులు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. అవి కుదుటపడేదాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నారు డిపోవాళ్ళు. డ్రైవరమ్మ ఇప్పుడు పాసుల కౌంటర్లో కూర్చుని, చిల్లర లేనివాళ్ళతో రోజంతా గొంతు చించుకుంటోంది. తన తప్పేమిటో ఆమెకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

ఒక ఆదివారం తోడికోడలు దిగివచ్చి, గోడ వైపు చూస్తూ అడిగింది.

"ఆ డాక్టరమ్మ ఏ వేళకి ఉంటుంది?"

"పొద్దున. పద, నేనూ వస్తాను."

"నువ్వు రానక్కర్లేదు" అంది గానీ, గుమ్మం దగ్గరే నిలబడింది.