ఆరు ఫొటోల్లో చెయ్యి

మా వదిన ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి ఆ శనివారం రిటైరయింది. అమ్మ పోయాక నన్ను పెంచి చదివించింది ఆవిడే. ఒక్కసారైనా నలుగురి ముందు ఆ మాట చెప్పుకోవాలనుకున్నాను. మాటలు రావు కనక, నాకున్న ఒకే ఒక్క పిచ్చితో ఆవిడ మీద ఓ చిన్న సినిమా తీశాను.

పిచ్చంటే, పిల్లలాడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో బొమ్మలు కట్టి, వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో, మరికాస్త కదిపి ఇంకో ఫొటో. పన్నెండు తీస్తే తెర మీద ఒక్క సెకను. సిటీ బస్సు తోలే నా చేతులు తగిలితే ఇటుకలతో కట్టిన ఆసుపత్రి వార్డు గోడలే కూలిపోయేవి. అందుకని బొమ్మ కదపడం కుట్టుపని చేసే మా ఆవిడ వంతు, కెమెరా నొక్కడం నా వంతు. రెండు నెలలు అదే మా సంసారం.

శనివారం పొద్దున మొదటిసారి మొత్తం వేసి చూశాను. నర్సు బొమ్మ తలుపు వైపు నడిచేచోట, ఆరు ఫొటోల్లో మా ఆవిడ చెయ్యి పడింది, గాజులతో సహా.

"నేను చెయ్యి తీశాక కదా నొక్కాలి! మీకు హారన్ నొక్కినట్టే ఇక్కడా తొందర," అంది.

ఆ ఆరూ తీసేస్తే బొమ్మ కప్పలా గెంతుతోంది. మళ్లీ తీద్దామంటే వార్డు విప్పి పెట్టెలో పోసేశాం. వీడ్కోలు సభ నాలుగింటికి. ఉన్నదున్నట్టే పట్టుకెళ్లాను.

ఆసుపత్రి క్యాంటీన్ గోడ మీద వేశాం. గోడంత చెయ్యి దిగేసరికి నర్సులంతా గొల్లున నవ్వారు. మా ఆవిడ కుర్చీలో ముడుచుకుపోయింది.

"ఆపు మరిదీ, వెనక్కి పెట్టు," అంటూ వదిన గోడ దగ్గరకెళ్లింది. "ఇది మా చెల్లాయి చెయ్యి కదూ!"

నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ అందరి వైపూ తిరిగింది.

"నా డ్యూటీ గురించి అందరూ చెప్పారు. నేనిక్కడుంటే నా ఇద్దరాడపిల్లలకీ జడలేసి, అన్నం పెట్టి, బడికి పంపిన చెయ్యి ఇది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పైకి అనలేదు నేను."

"అక్కా, ఊరుకో, అందరూ చూస్తున్నారు."

"చూడనీవే. మీ ఆయన ఇన్నాళ్లకి ఒక పని సరిగ్గా చేశాడు."

పొరపాటున పడింది వదినా అనబోయి నోరు మూసుకున్నాను.

మిగతాది ఆడించాను. చివర్లో 'తీసింది మీ మరిది' అని అట్ట మీద రాసి నా ఒక్కడి గొప్పే వేసుకున్నాను. అదృష్టం, అప్పటికి తోడికోడళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు, గోడ వైపు ఎవరూ చూడలేదు. ఇంటికెళ్లగానే ఆ అట్ట మార్చాను. ముందు మా ఆవిడ, తర్వాతే నేను.